పైకి కట్టుకుందామన్న మా బావ

మా బావ పోయాడన్న కబురు వచ్చేసరికి నేను సాలూరులో, లారీ ఆఫీసులో ఉన్నాను. పొద్దున్నే లోడు బళ్ళు బయలుదేరే వేళ. ఇంజన్ల రొదలో ఫోనులో అప్ప ఏమంటోందో మొదట వినపడలేదు. మా వైపు అక్కను అప్ప అంటాం. రోడ్డు దాటి అవతలి టీ బడ్డీ వెనక్కి వెళ్ళి మళ్ళీ చెప్పమన్నాను.

"మీ బావ లేవట్లేదురా. టీ ఎట్టీసి పిలిసాను, లేవట్లేదు," అంది. ఏడవలేదు. "ఇంటాయన కిందికి దింపీమంటన్నాడు. నువ్వు బేగి రా," అంది.

అద్దె ఇంట్లో మనిషి పోతే శవాన్ని లోపల ఉంచనివ్వరు. ఇల్లు మూసిపెట్టాల్సి వస్తుందని, మళ్ళీ ఎవరూ అద్దెకు రారని ఇంటివాళ్ళ భయం. వాళ్ళను తప్పుపట్టి లాభం లేదు. నేను వెళ్ళేసరికి మా బావ అరసవల్లి దగ్గర ఒక సందులో, ఆటోలు నిలబెట్టుకునే జాగాలో, ఎవరో ఇచ్చిన చెక్కబల్ల మీద ఉన్నాడు. ముఖం మీద ఎండ పడకుండా అప్ప గొడుగు పట్టుకుని కూర్చుంది. మధ్యాహ్నానికల్లా నది ఒడ్డుకి తీసుకెళ్ళిపోయాం.

ఆయన గురించి శ్రీకాకుళంలో రెండు రకాలుగా చెప్పుకుంటారు. మంచి మనిషే గానీ తెలివి తక్కువని కొందరు. తెలివైనవాడే, సందునంతా ముంచి తాను బాగుపడ్డాడని కొందరు. నేను ఆ ఇంట్లో పెరిగాను. చూసింది చెబుతాను.

మా నాన్న పోయాక నన్ను చదువుకి అప్ప దగ్గరకు పంపారు. బావ వాళ్ళది మెయిన్ రోడ్డు నుంచి లోపలికి తిరిగే ఒక సందు. సందు మొదట్లోనే ఇల్లు. వీధి గది కొట్టు, వెనక కాపురం. నైలాన్ దారం, మోకులు, వలలకి కట్టే బెండ్లు, సీసం గుళ్ళు అమ్మేవాడు. సముద్రం ఒడ్డు పల్లెల నుంచి వేటకెళ్ళేవాళ్ళు మొదటి బస్సుకి దిగి నేరుగా మా కొట్టుకే వచ్చేవాళ్ళు. వచ్చినవాడికి ముందు చెంబుతో నీళ్ళిచ్చి, తర్వాత ఏం కావాలని అడిగేవాడు. దారం అమ్మే ముందు చివర బొటనవేలికి చుట్టి గట్టిగా లాగి చూసేవాడు. ఆ వేలి మీద ఎప్పుడూ ఎర్రటి గాటు ఉండేది. అన్నం కలుపుకునేటప్పుడు పులుసు తగిలి మండితే వేలు ఎత్తి పెట్టి, నాలుగు వేళ్ళతోనే తినేవాడు.

నా మంచం మోకుల చుట్టల పక్కన. కొత్త తాడు వాసన ఎక్కడ తగిలినా ఇప్పటికీ నాకు లెక్కల పరీక్ష గుర్తొస్తుంది. నాకు చదువు చెప్పించింది ఆయనే. ఫీజు కట్టిన సంగతి అప్పకు కూడా చెప్పేవాడు కాదు. నా దగ్గర ఒక్కసారైనా ఆ మాట ఎత్తలేదు.

ఆయనకొక అలవాటుండేది. సందులో నడుస్తూ ప్రతి గుమ్మం మీదా వేళ్ళ కణుపులతో టక్కున కొట్టి, "ఉన్నారా?" అనేవాడు. ఆగేవాడు కాదు. లోపలి నుంచి "ఉన్నాం" అని వినపడేసరికి పక్క గుమ్మం దగ్గరికి వెళ్ళిపోయేవాడు. ఎవరింటి నుంచైనా జవాబు రాకపోతే అప్పుడు మాత్రం నిలబడేవాడు.

ఆ సందులో ఇళ్ళన్నీ గోడకి గోడ. సన్నంగా, పొడుగ్గా, వీధి గుమ్మం నుంచి పెరటి గుమ్మం దాకా రైలు పెట్టెల్లా ఉండేవి. డాబాలు కలిసిపోయి ఉండేవి కాబట్టి ఎండాకాలం సందు సందంతా పైనే పడుకునేది. ఒకరి గురక గురించి ఇంకొకరు పొద్దున్న నవ్వుకునేవారు. ఇదంతా తలుచుకోవడానికి బాగుంటుంది. కాపురం చేయడానికి బాగుండేది కాదు. పక్కింట్లో ముగ్గురు అన్నదమ్ములు పంచుకుంటే ఒకరికి వీధి గది, ఒకరికి నడిమి గది, ఒకరికి వంటిల్లు వచ్చాయి. నడిమి గదికి కిటికీ లేదు. ఆ గదిలో ఒక కొత్త కోడలు కాపురానికొచ్చి, పట్టపగలు దీపం వేసుకుని పురిటి బిడ్డకు పాలిచ్చేది. కాలవ పొంగితే అందరి గుమ్మాల్లోకీ ఒకేసారి నీళ్ళొచ్చేవి.

అందుకే ఒక్కొక్కరూ అమ్ముకోవడం మొదలెట్టారు. కొన్న బట్టల షాపులవాళ్ళు ఇళ్ళను గోడౌన్లు చేశారు. అమ్మినవాళ్ళు ఊరవతల, హైవే పక్కన వరి పొలాలు పూడ్చి వేసిన లేఅవుట్లకు పోయారు. అలాంటి ఒక గృహప్రవేశానికి బావ, నేను కలిసి వెళ్ళాం. మూడు వైపులా ఖాళీ ప్లాట్లు, రాళ్ళు పాతిన హద్దులు. ఇంటావిడ నీళ్ళ ట్యాంకరు కోసం వాకిట్లోనే నిలబడి ఉంది. తిరిగొస్తూ, పాత వంతెన మీదికి వచ్చాక అన్నాడు.

"ఇల్లు బాగుందిరా. కానీ ఉప్పయిపోతే బండి తియ్యాల. ఊరంటే నడిసెల్లగలిగినంతే. ఆ తర్వాతంతా ప్రయాణవే."

ఆ ఆలోచన ఆయనకి అప్పుడే పుట్టిందనుకుంటాను. విడివిడిగా ఎవరూ కట్టుకోలేరు. అంత సన్నటి జాగాలో, అంత ఇరుకు సందులో పైకి అనుమతి రాదు. మిగిలిన ఇళ్ళన్నీ కలిపి ఒకే జాగా చేసి, సందుకి కొంత వదిలితే, అయిదంతస్తులు కట్టుకోవచ్చు. ఉన్నవాళ్ళందరికీ తలా ఒక ఇల్లు. ప్రతి గదికీ కిటికీ. పై వాటాలు బిల్డరు అమ్ముకుంటాడు. కింద వరసలో కొట్లు. ఎవరూ ఊరు విడిచిపోనక్కర్లేదు.

పాత ఇల్లంటే పట్టుదల ఉన్న పెద్దమనుషులను చాలామందిని చూశాను. బావకు ఆ బాధ లేదు. తాత కట్టిన దూలాల గురించి ఎవరైనా గొప్ప చెబితే, వాటిలోని చెదలు కూడా తాతదే అనేవాడు. ఆయనకు కావలసింది మనుషులు చెదిరిపోకుండా ఉండటం. దానికి పైకి కట్టడం తప్ప దారి లేదని నమ్మాడు. నేనూ నమ్మాను.

ఇంటింటికీ తిరిగి చెప్పాడు. విశాఖ వైపు నుంచి ఒక బిల్డరు వచ్చాడు. మర్యాదస్తుడు. చెప్పులు బయట విడిచి కొట్టులోకి వచ్చి, మోకుల చుట్ట మీద కూర్చుని, అప్ప ఇచ్చిన టీ తాగాడు. ప్లాను పరిచి ఎవరి ఇల్లెక్కడో వేలు పెట్టి చూపించాడు. రెండేళ్ళలోపు తాళాలిస్తానన్నాడు. అందాకా బయట ఉండటానికి అద్దెలు తానే కడతానన్నాడు. సందంతా కొట్టు ముందు నిలబడి విన్నది. కిటికీ లేని గది కోడలు, బిడ్డను చంకనెత్తుకుని, తన ఇంటికి ఎండ ఏ వైపు నుంచి పడుతుందని అడిగింది. తూర్పు నుంచి అని చెబితే, ప్లాను మీద ఆ చోటు బిడ్డకు చూపించింది.

చివరికి ఒక్క చిన్నమ్మ మిగిలింది. సందు చివరి ఇంట్లో ఒంటరిగా ఉండి, అప్పడాలు చేసి అమ్ముకునే ముసలావిడ. అందరికీ చిన్నమ్మే. రెండు వారాలు ఆలోచించుకుని, ఒక సాయంత్రం కొట్టుకొచ్చి బావ ఎదురుగా కూర్చుంది.

"కట్టినోడెవుడో నాకు తెల్దు నాయినా," అంది. "నీ మొకం సూసి ఏస్తన్నాను వేలిముద్ర."

"నానున్నాను కదా సిన్నమ్మా," అన్నాడు బావ.

కూలగొట్టే రోజున ముందు మాది కొట్టమని ఆయనే చెప్పాడు. గోడలు ఉమ్మడివి కాబట్టి ఒక ఇంటి మీద దెబ్బ పడితే పక్కింట్లో సున్నం రాలేది. మా పడమటి గోడ పడిపోయినప్పుడు పక్కింటి వంటగది బయటపడింది. నీలం రంగు గోడ, పొయ్యి ఉన్న చోట పొగ మసి. ఆ ఇంటి ఇల్లాలు సిగ్గుపడి కొంగు నోటికడ్డం పెట్టుకుంది. బావ తువ్వాలు ముక్కుకి చుట్టుకుని దుమ్ములోనే సాయంత్రం దాకా నిలబడ్డాడు.

అందరూ దొరికిన చోటికి పోయారు. బావ, అప్ప అరసవల్లి వైపు మేడ మీద రెండు గదుల్లో దిగారు. కొట్టు సామాను ఒక పక్క వీధిలోని చిన్న మడిగలోకి మార్చాడు. అక్కడికి వేటవాళ్ళు దారి కనుక్కోలేకపోయారు. కనుక్కున్నవాళ్ళు కొన్నాళ్ళు వచ్చారు.

మొదటి సంవత్సరం పని బాగా నడిచింది. స్తంభాలు లేచాయి, మూడు శ్లాబులు పడ్డాయి. బావ రోజూ వెళ్ళి చూసేవాడు. అప్పటికే సాలూరులో ఉద్యోగంలో చేరిన నేను ఫోను చేస్తే ఆయన గొంతులో వయసు తగ్గినట్టుండేది. చిన్నమ్మను ఆటోలో తీసుకెళ్ళి, కింది నుంచి ఆవిడ ఇల్లు వచ్చే చోటు చూపించాడట. అంత పైకి తానెలా ఎక్కుతానని ఆవిడ అడిగితే, లిఫ్టు ఉంటాదని చెప్పి, లిఫ్టు అంటే ఏమిటో రోడ్డు మీదే చేతులతో అభినయించాడని అప్ప నవ్వుతూ చెప్పింది.

తర్వాత అద్దెలు రావడం ఆగిపోయింది. ఆ తర్వాత పని. బిల్డరుకి వేరే ఊళ్ళో మొదలుపెట్టిన పనుల్లో భాగస్తులతో తగాదా వచ్చిందన్నారు. మా జాగా కాగితాల మీద బ్యాంకులో అప్పు తెచ్చాడని తర్వాత తెలిసింది. అతను మొదటి నుంచీ మోసగాడో, మునిగిపోతూ మమ్మల్నీ పట్టుకున్నాడో నాకు ఇప్పటికీ తెలియదు. కొన్నాళ్ళు ఫోనెత్తి, అదిగో ఇదిగో అన్నాడు. తర్వాత ఆ నంబరు పనిచేయలేదు. బావ లాయరు దగ్గరకెళ్ళాడు, స్టేషనుకెళ్ళాడు, తెలిసిన ప్రతి ఆఫీసుకీ వెళ్ళాడు. అన్నిచోట్లా కూర్చోబెట్టి విన్నారు. కేసు నడుస్తూనే ఉంది. దాని వయసు పెరగడం తప్ప మరేమీ జరగలేదు.

అప్పుడు లేచిందా మాట. సందు మొదట్లో రోడ్డు వైపు షాపు బావకు రాశారట, అందరినీ ఒప్పించినందుకు బహుమానంగా. మా ఇల్లు సందు మొదట్లోనే ఉండేది కాబట్టి ఆ షాపు మాకొచ్చింది. ప్లాను పరిచిన రోజున ఆ సంగతి అందరూ విన్నారు. అయినా తలదాచుకోవడానికి చోటు లేనివాడికి కోపం తీర్చుకోవడానికి ఒక మనిషి కావాలి. బిల్డరు కనపడడు. బావ కనపడతాడు. రోజూ కనపడతాడు, వాళ్ళ అద్దె గుమ్మాలకు వచ్చి మరీ.

వెళ్ళడం మానమని అప్ప ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. వారానికొకసారైనా ఒక్కో కుటుంబం దగ్గరికి స్కూటరు మీద వెళ్ళేవాడు. మొదట్లో టీ ఇచ్చేవారు. తర్వాత కుర్చీ వేసేవారు. తర్వాత గ్రిల్లు లోపలి నుంచే మాట్లాడేవారు. చిన్నప్పటి స్నేహితుడొకాయన పెళ్ళి భోజనాల్లో తన పక్క కుర్చీలో బావ కూర్చోగానే, విస్తరి పట్టుకుని లేచి వేరే వరసకి పోయాడట. బావ ఆ భోజనం ముగించి, చెయ్యి కడుక్కుని ఇంటికొచ్చాడు. ఆ సంగతి ఆయన చెప్పలేదు. వడ్డించినవాళ్ళు చెబితే నాకు తెలిసింది.

ఒక ఆదివారం అందరినీ పిలిచి, ఆ షాపు నాకొద్దు, మీలో ఎవరికి ఇవ్వమంటే వాళ్ళకు రాసిస్తానన్నాడు. ఆ రోజు నేనూ ఉన్నాను. కిటికీ లేని గది కోడలి భర్త, కోపంగా కూడా కాదు, అలసిపోయినట్టు అన్నాడు. "ఏటి రాసిస్తావు బాబూ? అక్కడ ఏటున్నాది?"

చిన్నమ్మ అద్దె గదిలోనే పోయింది. ఆవిడకు ఉన్నది దూరంగా మనవలే. వాళ్ళు వచ్చేదాకా శవాన్ని ఉంచాలి. ఇంటివాళ్ళు ఒప్పుకోలేదు. బావ ఎవరితోనూ వాదించలేదు. ఒక వ్యాను మాట్లాడి ఆవిడను మా స్తంభాల దగ్గరకు తీసుకెళ్ళాడు. కాపలావాడు అడ్డం చెప్పలేదు. పార్కింగు కోసం వదిలిన కింది జాగాలో సిమెంటు పెచ్చులు, ముళ్ళకంప, సీసాలు. అవన్నీ ఏరి పారేసి, తానే చీపురు పట్టి ఊడ్చి, కొట్టులోంచి తెచ్చిన కొత్త చాప పరిచి పడుకోబెట్టాడు. తల దగ్గర దీపం పెట్టాడు.

కబురు విని సందు మనుషులంతా వచ్చారు. ఇళ్ళు కూల్చాక ఆ జాగాలో వాళ్ళందరూ కలిసి కూర్చోవడం అదే మొదలు. చీకటి పడేదాకా ఆ స్తంభాల మధ్య కూర్చున్నారు. పైన శ్లాబు, చుట్టూ తుప్పు పట్టిన ఊచలు. గోడలు లేవు కాబట్టి రోడ్డు మీద పోయేవాళ్ళందరూ మమ్మల్ని చూశారు. ఎవరో ఫ్లాస్కుతో టీ తెచ్చారు. ఒకావిడ పక్కావిడ పిల్ల పెళ్ళి సంగతి అడిగింది. బావ మాత్రం చిన్నమ్మ తల దగ్గర నుంచి కదల్లేదు. మాటల మధ్యలో ఒకసారి, నాకొక్కడికే వినపడేలా, "తీసుకొచ్చీసినాను సిన్నమ్మని," అన్నాడు. జవాబు కోసం కాదు.

ఆ రాత్రి వాళ్ళు ఆయనతో బాగానే మాట్లాడారు. మర్నాటి నుంచి మళ్ళీ మామూలే. తర్వాత కొద్ది కాలానికే బ్యాంకువాళ్ళు జాగా చుట్టూ రేకులు కట్టి, గేటుకి తాళం వేసి నోటీసు అంటించారు. అందుకే పోయాక పడుకోబెట్టడానికి మా బావకు ఆ చోటు కూడా దక్కలేదు.

ఈ రెండేళ్ళుగా ఆయన పెద్దగా బయటికి పోలేదు. అరసవల్లి మేడ మెట్లు దిగుతూ ఒకసారి పాత అలవాటు కొద్దీ కింది వాటా తలుపు మీద కొట్టి "ఉన్నారా?" అన్నాడట. ఒకాయన తలుపు తీసి, ఎవరు కావాలని అడిగాడు. బావ క్షమించమని దండం పెట్టి వచ్చేశాడు. ఆ తర్వాత ఏ తలుపూ కొట్టలేదని అప్ప అంది.

నాతో చివరిసారి మాట్లాడింది మొన్న వేసవిలో. నేను ఆయన్ని సాలూరు వచ్చి మా ఇంట్లో ఉండమన్నాను. రానన్నాడు. ఇక్కడైతే ఎవరైనా వచ్చి తిట్టాలన్నా దొరుకుతానని చెప్పాడు. నవ్వుతాడేమోనని చూశాను. నవ్వలేదు. ఓదార్చాలని, నువ్వు అనుకున్నది మంచిదే కదా బావా అన్నాను. బొటనవేలు రుద్దుకున్నాడు. గాటు మానిపోయి చాలా కాలమైంది.

"పైకి కట్టడం తప్పు కాదురా," అన్నాడు. "నా మాట మీద కట్టడం తప్పు. మాటకి పునాది తియ్యరు కదా."

రోజురోజుకీ ఆ ఊరు రెండు వైపులా పాకిపోతోంది. నడిబొడ్డున బట్టల షాపుల అంతస్తులు లేస్తున్నాయి. రాత్రయితే వాటిలో మనుషులుండరు. మనుషులున్న చోట దీపాలు దూరదూరంగా వెలుగుతాయి. ఆయన చెప్పినట్టు కట్టుకుని ఉంటే బాగుండేదని ఎవరైనా అంటారేమోనని ఎదురు చూశాను. ఎవరూ అనలేదు. మళ్ళీ ఎవరూ ఎవరినీ ఒక చోట చేర్చే ప్రయత్నం చేయరు. మా సందుని చూసి పక్క సందువాళ్ళు కూడా ఆ ఆలోచన మానుకున్నారు.

పదో రోజున నాగావళి ఒడ్డుకి సందువాళ్ళు దాదాపు అందరూ వచ్చారు. విస్తరి తీసుకుని లేచిపోయిన స్నేహితుడు కూడా వచ్చాడు. కర్మ అయ్యేదాకా నీళ్ళ దగ్గరే నిలబడి, అప్పకు దండం పెట్టాడు. కిటికీ లేని గది కోడలు అప్పను పట్టుకుని గట్టు ఎక్కించింది. ఆ బిడ్డ ఇప్పుడు తల్లంత ఎత్తు ఎదిగింది.

గట్టెక్కి రోడ్డు మీదకు వచ్చాక షేరు ఆటోలు వరసగా ఆగాయి. డ్రైవర్లు తలలు బయటపెట్టి ఎటు అని అడిగారు. ఒకరు ఆమదాలవలస రోడ్డు అన్నారు. ఒకరు ఎచ్చెర్ల వైపు. ఒకరు హైవే దాటి లేఅవుటుకి. ఒక ఆటోలో ఒక్కరే ఎక్కారు, దాని వెనక దాంట్లో ఇద్దరు. ఒక్క సందులో పుట్టి పెరిగిన అంతమందిలో ఒక ఆటో నిండేపాటి మనుషులు ఒకే వైపు వెళ్ళేవాళ్ళు లేకపోయారు. డ్రైవర్లు మిగతా సీట్లకోసం తెలియనివాళ్ళను పిలుచుకుంటూ కదిలారు.

చివరికి అప్ప, నేను మిగిలాం. అరసవల్లి గదులు ఖాళీ చేయమని ఇంటాయన చెప్పాడు. సాలూరు రమ్మని నేను చెప్పాను. ఆమె ఇంకా ఏదీ తేల్చుకోలేదు. ఒక ఆటో వచ్చి ఆగింది. డ్రైవరు, "ఎక్కడికెల్తారమ్మా?" అన్నాడు. అప్ప చీర కుచ్చెళ్ళ నుంచి నది నీళ్ళు కారుతున్నాయి. ఆమె కడ్డీ పట్టుకుని, ఒక కాలు పైన పెట్టి, అలాగే ఆగిపోయింది. అతను ఇంజను ఆపలేదు. మళ్ళీ అడిగాడు.